ఆయన మర్యాదగా మాట్లాడిన రోజు

కినుయో అక్కకు, చెల్లెలు సుమియో దండాలు పెట్టి రాస్తున్నది. బావగారి దగ్గు తగ్గిందని చదివి సంతోషించాను. ఇక్కడ అందరం క్షేమమని రాయబోతే చేయి ఆగింది. ఉప్పులో ఊరేసిన ఉమె కాయలు ఎలా కుదిరాయని అడిగావు. జాడీ మూత ఇంకా తీయనే లేదు. మీ మరిది తోకుజిరో పెరట్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది, కంగారుపడకు.

నా కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, నోరు తెరిస్తే తిట్టే. మతిమరుపు వచ్చాక మనవళ్ల పేర్లు పోయాయి కానీ తిట్టు ఒక్కటీ పోలేదు. అలాంటి మనిషి, ఆసుపత్రిలో నర్సు దుప్పటి కప్పితే "మీకు శ్రమ ఇస్తున్నాను, మన్నించండి" అన్నారు. ఎక్స్‌రే కోసం కాలు కదిపినవాడికీ అదే మాట!

"నొప్పిగా ఉందా తాతగారూ?" అని నర్సు అడిగింది.

"అబ్బే, ఏమీ లేదమ్మా."

"ప్రాణం పోయేంత నొప్పిగా ఉందమ్మా ఆయనకి" అన్నాను.

"లేదంటున్నారు కదండీ. ఎంత మంచి తాతగారో!"

ఎముకల డాక్టరేమో, "ఆపరేషన్ రేపే కదా. ఘాటు మందులిస్తే ఉన్న మతి కూడా చెదురుతుంది. కాస్త ఓర్చుకోనివ్వండి" అంటూ వెళ్లిపోయాడు. విరిగింది తన తొడ కాదు మరి!

చివరికి డ్యూటీకి అప్పుడే వచ్చిన మికామి అనే డాక్టరమ్మ కోటు పట్టుకుని ఆపాను. "అమ్మా, మా ఆయన మర్యాదగా మాట్లాడుతున్నారు!"

నర్సు కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. "మామూలుగా ఎలా మాట్లాడతారు?"

"నన్ను గాడిదా అంటారు."

ఆమె స్కానింగ్ మిషను తెర మీద లోపలి నరం జాడ చూసుకుంటూ గజ్జ దగ్గర సూదితో మందు ఎక్కించింది. "తొడ ఒక్కటే మొద్దుబారుతుంది, తలకెక్కదు" అంది. వచ్చీ రాగానే ఇవ్వాల్సిందని తనలో తానే గొణుక్కుంది. మరి ఇవ్వరేం అక్కా? సూది ఉంది, మందు ఉంది. రోగి గోలపెట్టి అరిస్తే తప్ప కదలరా?

కాసేపటికి ఆయన నుదుటి ముడతలు విడిపోయాయి. టీ గుక్కెడు తాగి, "ఎవరే ఇది పెట్టింది? పడవ అడుగు నీళ్లలా ఉంది!" అని గయ్యిమన్నారు. నర్సు బిత్తరపోయింది. నేను ఏడ్చేశాను.

ఇంకొక్క మాట, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆయన నొప్పి నాకు మొదటే తెలుసు. పడవ ఇంజను కింద వేళ్లు నలిగిననాడు కూడా ఇలాగే అందరికీ వంగి వంగి దండాలు పెట్టారు. అయినా ఆసుపత్రిలో చేరిన ఆ ఉదయం నా చేయి పట్టుకుని, "నీ చేతులు చల్లబడ్డాయి సుమియో, కాస్త కూర్చో" అంటే, కూర్చున్నాను. ఎవరినీ పిలవలేదు. పెళ్లయ్యాక అంత మెత్తటి మాట వినలేదక్కా. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ విన్నాను. ఆ తర్వాతే లేచి నర్సు దగ్గరికి వెళ్లాను. అందరి మీదా అరిచాను కానీ, ముందు ఆలస్యం చేసింది నేనే.

ఫరవాలేదని మాత్రం జవాబు రాయకు. నిన్న నడక నేర్పుతుంటే నా భుజం మీద బరువంతా వేసి, "గట్టిగా పట్టుకోవే, గాడిదా!" అన్నారు. పట్టుకున్నాను.

ఇట్లు,
నీ చిన్న చెల్లెలు
సుమియో