డాబా మీద స్టార్

ఏమండీ,

ఈ క్రిస్మస్‌కి డాబా మీద స్టార్ కట్టించాను. పోయిన ఏడాది మీరు లేరన్న బాధలో కట్టలేదు. ఇల్లు చీకటిగా కనిపించేసరికి క్యారల్స్ వాళ్ళు పాట ఆపేసి మన గుమ్మం దాటి వెళ్ళిపోయారు.

ఇవాళ మళ్ళీ వస్తున్నారు. సాయంత్రం నుంచి కరెంటు పోతూ వస్తూ ఉంది. వచ్చినా స్టార్ మాత్రం వెలగడం లేదు. ఇదివరకైతే మీరే పైకెక్కి ప్లగ్గు కదిలించి, "వెలిగిందా?" అని అరిచేవారు. నేను వీధిలో నిలబడి చెప్పేదాన్ని. ఇప్పుడు ఈ మోకాళ్ళతో మెట్లెక్కలేను. అందుకే మన అమ్మాయి జాయిస్, కింద నుంచే ఫోన్‌తో వెలిగించుకునే స్మార్ట్ ప్లగ్ తెచ్చి పెట్టింది.

"కరెంటు వచ్చాక ఏం చెయ్యాలో దానికి మనమే చెప్పాలమ్మా" అంటూ ఫోన్‌లో స్టార్ వెలిగించి, ‘పోకముందు ఎలా ఉంటే అలాగే’ అన్న చోట నొక్కింది.

"అది మర్చిపోతేనో?" అన్నాను.

"నువ్వు వీధిలోకెళ్ళి చూడు. నేను మెయిన్ ఆపి వేస్తాను."

పక్క వీధిలో డప్పు మోగుతోంది. పత్తి తీసి వచ్చినవాళ్ళంతా అన్నాలు తిని క్యారల్స్‌కి బయల్దేరినట్టున్నారు. జాయిస్ మెయిన్ ఆపింది. ఇల్లంతా చీకటైంది. మళ్ళీ వేసింది. వరండాలో లైటు వచ్చింది, లోపల ఫ్యాను తిరిగింది. స్టార్ రాలేదు. డప్పు మలుపు దాకా వచ్చేసింది.

అప్పుడు వచ్చింది, ఎర్రగా, నిండుగా.

ఎవరూ అడగకుండానే, డాబా వైపు తలెత్తి, గొంతు చించుకుని అరిచాను.

"వెలిగిందండీ!"