ఆర్చి మీద ఊరి పేరు

బుధవారం, రాత్రి

ఈ కాలనీకి వచ్చాక ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. గండికోట రిజర్వాయరులో మా ఎర్రమడుగు మునిగాక ఊరందరికీ జమ్మలమడుగు దగ్గర ఇళ్లిచ్చారు కానీ, కాలనీకి పేరు పెట్టలేదు. నిన్న ఎవరో వచ్చి కాలనీ ముందున్న ఆర్చి మీద ఒక నాయకుడి తండ్రి పేరు రాయించిపోయారు. ఆయన మా ఊరి మొహం కూడా చూసినవాడు కాదు. ఈరోజు మధ్యాహ్నం మా ఆయన నిచ్చెన వేసుకుని, ఆ పేరు మీద సున్నం కొట్టి ‘ఎర్రమడుగు’ అని రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం బైకు మీద ఇద్దరు వచ్చారు.

“అప్పా, ఆర్చి మీద రాసిండేది నువ్వేనంట గదా?”

“నేనే. ఊరెట్లాగూ నీళ్లలో పాయె. పేరన్నా ఉండనీండప్పా.”

“రేపు పొద్దునకంతా నువ్వే చెరుపు. మళ్లా మేమొస్తే మాటలుండవు.”

పోతూ పోతూ, గడపలో కూర్చున్న మా పాపను పేరడిగాడు ఒకడు. పాప చెప్పింది.

చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఆ తర్వాత మా ఇంటివైపు రాలేదు.

అన్నం తింటూ ఆయన తల ఎత్తకుండానే, “నువ్వు చెరపమంటే చెరిపేస్తా,” అన్నాడు. అదే చెబుదామని నోరు తెరిచాను. చూపు ఆనని మా అత్త మధ్యాహ్నం ఆర్చి కింద నిలబడి, “ఏం రాసినాడు మే?” అని నాతో మళ్లీ మళ్లీ చదివించుకున్నది గుర్తొచ్చింది.

“చెరపొద్దు,” అన్నాను.

ఆయన నిద్రపోయాడు. బయట బైకు చప్పుడైనప్పుడల్లా నేను పాప మీద చెయ్యి వేస్తున్నాను.