నన్ను పాస్ చేసినందుకు

ఉన్, సూరత్
2 జూలై 2021

గౌరవనీయులైన నరహరి సార్ గారికి,

మన తెలుగు బడిలో మీ పదో తరగతి విద్యార్థి, రోల్ నంబరు ఇరవై ఏడు, రఘుపతి రాయునది.

నాకు లెక్కల్లో అన్యాయం జరిగింది. చేసింది మీరు. మీ మీద నాకు చాలా నమ్మకం ఉండేది. ఇప్పుడు లేదు.

ఒక్క ప్రశ్న అడగకుండా, ఒక్క కాగితం రాయించకుండా నన్ను పాస్ చేశారు. కరోనా వల్ల ఈ ఏడు పరీక్షలు లేవు, అందరూ పాస్ అని ప్రభుత్వం అన్న మాట నిజమే. ప్రభుత్వానికి నేనెవరో తెలియదు. మీకు తెలుసు. సైన్‌కూ కాస్‌కూ తేడా అడిగితే నేను పైకప్పు వైపు చూస్తానని కూడా తెలుసు.

బడి మూసినప్పటి నుంచి, మరమగ్గాల మీద నా డ్యూటీ దిగాక, మా కారఖానా మేడ మీద వాడ పిల్లలు ఏడుగురికి చదువు చెబుతున్నాను. దాని పేరు శ్రామిక జ్ఞాన వేదిక. మొన్న, ఈ ఏడే పదికి వచ్చిన హారతి ఒక లెక్క పట్టుకొచ్చింది. పొగగొట్టానికి ముప్పై మీటర్ల దూరంలో నిలబడితే కొన అరవై డిగ్రీల కోణంలో కనబడుతుంది, ఎత్తెంత అని. రేపు చెబుతానన్నాను. మూడు రోజులు అదే అన్నాను. నాలుగో రోజు ఆ పిల్ల, "అన్నా, నువ్వు పాసైనవ్ గద?" అంది.

తెలియనివాడు తెలిసినవాడిలా కూర్చోవడమే దోపిడీకి మొదటి మెట్టు అని నా దగ్గరున్న ఒక కరపత్రంలో ఉంది. కాబట్టి నా పాస్ రద్దు చేసి, నాకు పరీక్ష పెట్టాలి. అందాకా వేదిక మూసేస్తున్నాను.

పోరాట అభినందనలతో,
రఘుపతి

తా.క. ఫోన్‌లో చెబితే రుజువు ఉండదని ఉత్తరం రాస్తున్నాను. నేను పాసైనందుకు మా అమ్మ వాడంతా పేడాలు పంచింది. రద్దు సంగతి ఆమెకు మీరే చెప్పాలి. నాకు భయం.

•

కడోదరా
6 జూలై 2021

చిరంజీవి రఘుపతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాకు వ్యాక్సిన్ శిబిరంలో డ్యూటీ వేశారు. అందుకని మొదటి నాలుగు వాక్యాలే చదవగలిగాను. సంగతి తెలియడానికి అవి చాలు. లెక్కల్లో నీకు నలభై ఒకటి వేశాను, తక్కువే. నువ్వు బాధపడటంలో తప్పు లేదు. నలభై తొమ్మిదికి సవరించమని ఆఫీసుకు రాశాను. ఇక మనసు కుదుటపరుచుకో. మాస్కు మరవకు.

శుభాకాంక్షలతో,
నరహరి

తా.క. మీ అమ్మ పంపిన పేడాలు అందాయి. వాటికీ మార్కులకూ సంబంధం లేదు. ఎవరైనా అడిగితే నువ్వూ అలాగే చెప్పు.

•

ఉన్
8 జూలై 2021

గౌరవనీయులైన (ఇది అలవాటు కొద్దీ రాస్తున్నాను) సార్ గారికి,

ఒక అన్యాయం గురించి రాస్తే మీరు దానికి ఇంకో ఎనిమిది కలిపి పంపారు. ఏ జవాబుకు సార్ ఆ ఎనిమిది? నేను రాయని ఏ లెక్క మీకు అంత బాగా నచ్చింది?

వేదిక మూసి వారం అయింది. పిల్లలు మగ్గాల మధ్య ఉరుకుతున్నారు. నిన్న ఒకడి చొక్కా బెల్టులో చిక్కబోతే మా నాన్న మగ్గం ఆపి వాణ్ణి లాగాడు. మేడ మీద ఉండాల్సిన పిల్లవాడు వాడు. నాకు అన్నం సయించలేదు.

అందువల్ల వచ్చే సోమవారం బడి గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చుంటున్నాను. కోరిక ఒక్కటే: నాకు పరీక్ష కావాలి. రెండు గజాల దూరం పాటిస్తాను. దూరం ఎవరి నుంచి అన్నది తేలలేదు, ఇప్పటికి నేనొక్కణ్ణే.

తగ్గేది లేదని తెలియజేస్తూ,
రఘుపతి

తా.క. దీక్ష మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది. పొద్దున్నే మొదలుపెడదామనుకున్నాను గానీ, ఆ రోజు మా అమ్మ సర్వపిండి చేస్తానంది.

•

కడోదరా
10 జూలై 2021

చిరంజీవి రఘుపతికి,

ఈసారి ఉత్తరం చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. ఇప్పుడు అర్థమైంది.

ఈ ఏడు పదో తరగతి పరీక్ష రాసేది ఇదివరకు తప్పినవాళ్లే. మీ వాడ నుంచి రాస్తున్నది సంధ్య ఒక్కతే. పాసైన కుర్రవాడు పరీక్ష హాల్లో కూర్చుంటానని పట్టుబడుతున్నాడంటే దానికి కారణం లెక్కలు కాదని ఇరవై ఆరేళ్ల అనుభవంతో చెప్పగలను. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. తిండి మానకు. పెద్దవాళ్లు మాట్లాడుకుంటే తేలే విషయమిది. మీ నాన్న రాజమౌళికి ఫోన్ చేసి, ఎవరి పేరూ ఎత్తకుండా, చాలా నాజూకుగా చెప్పాను.

నీ మేలుకోరే,
నరహరి

తా.క. పేరు ఆయనే అడిగాడు. అప్పుడు చెప్పాను.

•

ఉన్
14 జూలై 2021

సార్ గారికి,

(ముందు ఏ విశేషణం పెట్టాలో తోచక ఖాళీ వదిలాను.)

మీ నాజూకు ఫలితం వినండి. మా నాన్న మా అమ్మకు చెప్పాడు. మా అమ్మ కొత్త చీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని సంధ్య వాళ్లింటికి వెళ్లి కూర్చుంది. సంధ్య నాకంటే రెండేళ్లు పెద్దదనీ, చిన్నప్పటి నుంచీ నన్ను 'ఒరే' అంటుందనీ ఆమెకు గుర్తు రాలేదు. సంధ్య వాళ్లమ్మ గంగవ్వ అంతా విని, "పాసైన పిలగాడు ఫేల్ చెయ్యమని కొట్లాడుతుండట. గసొంటోనికి పిల్లనిస్తే రేపు జీతం గూడ వద్దంటడు" అందట.

మర్నాడు సంధ్య లెక్కల పుస్తకం పట్టుకుని తిన్నగా నా మగ్గం దగ్గరికే వచ్చింది. ఆ చప్పుడులోనూ ఆమె మాట అందరికీ వినిపించింది.

"నేను రెండుసార్లు తప్పిన. తప్పినందుకు మూడోసారి సదువుతున్న. నువ్వు ఒక్కసారి గూడ రాయలే. నీ లొల్లి ఏందిరా?"

హారతి లెక్క చూపించాను. సంధ్య సుద్దముక్కతో నేల మీద పొగగొట్టం గీసింది, కింద ముప్పై వేసింది, మూలన అరవై వేసింది. ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చేది టాన్ అంది. ముప్పైని రూట్ మూడుతో గుణించమంది. దాదాపు యాభై రెండు మీటర్లు. సార్, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎక్కకుండా, తాడు కట్టకుండా, నేల మీద నిలబడి అంత ఎత్తు చెప్పేయవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కాసేపూ నా కోపం పోయింది. తర్వాత మళ్లీ తెచ్చుకున్నాను.

ఒక్క లెక్క వచ్చినంత మాత్రాన పాసైనట్టు కాదు. నా కోరిక అలాగే ఉంది. దీక్ష మాత్రం వాయిదా వేశాను. ఇప్పుడు నేను కూర్చుంటే సంధ్య కోసమే అంటారు.

ఇట్లు,
రఘుపతి

తా.క. ఆ సాయంత్రం ఒక రంగుల మిల్లు ముందు నిలబడి దాని పొగగొట్టం చూస్తూ ఉంటే వాచ్‌మన్ వచ్చి ఏం పని అన్నాడు. ఎత్తు తెలిసిపోయిందన్నాను. ఎవరెవరికి చెప్పావని అడిగాడు పాపం, భయంగా.

•

కడోదరా
23 జూలై 2021

చిరంజీవి రఘుపతికి,

సంధ్య విషయంలో తొందరపడ్డాను. మీ ఇంటికీ వాళ్లింటికీ ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. గంగవ్వ గారు పది నిమిషాలు మాట్లాడారు, నేను విన్నాను.

పరీక్ష మాత్రం పెట్టలేను. బడి తాళాలు నా దగ్గర లేవు. నలుగురు గుమికూడటానికి అనుమతి తెచ్చుకోవాలి. నాకు శిబిరం డ్యూటీ ఉంది. పైగా నడుం నొప్పి. ఇక ఈ విషయం వదిలెయ్యి.

ఆశీస్సులతో,
నరహరి

తా.క. పైన రాసినవన్నీ నిజాలే, అయినా కారణం అవి కావు. నేను తెలుగు పండితుణ్ణి. లెక్కల సార్ రిటైరయ్యాక ఆ క్లాసు నా మీద పడింది. రాత్రి గైడు చదివి పగలు చెప్పేవాణ్ణి. త్రికోణమితిని ప్రతి ఏడూ చివరికి పెట్టుకునేవాణ్ణి, అక్కడికి వచ్చేసరికి ఏడాది అయిపోయేది. నీకు ప్రశ్నపత్రం ఇవ్వగలను గానీ నువ్వు రాసింది దిద్దలేను. సంధ్య రెండుసార్లు తప్పింది కూడా నా క్లాసులోనే. ఈ ఉత్తరం చింపెయ్యి.

•

ఉన్
27 జూలై 2021

ప్రియమైన నరహరి సార్ గారికి,

ఉత్తరం చింపేశాను. చింపేముందు జరిగింది చెప్పాలి.

మొదట నాకు ఒళ్లు మండింది. 'బోధన పేరిట మోసం' అని శీర్షిక పెట్టి కరపత్రం రాశాను. జిరాక్స్ షాపుకు పోతుంటే మెట్ల దగ్గర సంధ్య ఆపింది. మీ వల్ల రెండేళ్లు పోగొట్టుకున్న మనిషి, ఆమెకు తెలియాలి కదా అని మీ ఉత్తరం ఇచ్చాను. నేను మీకు రాసిన మొదటి ఉత్తరం నకలు కూడా అడిగి తీసుకుంది. రెండూ మెట్టు మీద పక్కపక్కన పెట్టి చదివింది.

"నాకు తెల్వది అని కాయితం మీద రాసిచ్చినోళ్లు ఈ సూరత్‌ల ఇద్దరే ఉన్నరు" అంది. "ఇద్దర్ని పక్కపక్కన కూసోవెడ్త."

కరపత్రం వెనక వైపు ఖాళీగా ఉంటే అక్కడే ప్రశ్నపత్రం రాయడం మొదలుపెట్టింది. దిద్దేది కూడా ఆమే. రోల్ నంబరు రెండు నాది. ఒకటి మీది. వయసును బట్టి ఇచ్చిందట.

వేదిక నిన్న తెరిచాను. నాకు త్రికోణమితి రాదని పిల్లలకు ముందే చెప్పేశాను. లేచిపోతారనుకున్నాను, ఏడుగురూ కదల్లేదు. హారతి కొంచెం జరిగి నాకు చాప మీద చోటిచ్చింది. సంధ్య చెబుతుంటే రాసుకుంటున్నాను.

మీరు వస్తారని నమ్ముతూ,
మీ విద్యార్థి, ప్రస్తుతం సహ విద్యార్థి,
రఘుపతి

తా.క. చూచిరాత నిషేధం. మీరు నా కాగితంలోకి చూసినా, నేను మీ కాగితంలోకి చూసినా మనకు కలిసొచ్చేది ఏమీ లేదు. నడుం నొప్పి అన్నారని గోడ పక్క చోటు ఉంచాం. స్కేలు, పెన్సిలు తెచ్చుకోండి. ఆదివారం మగ్గాలు బందు, చప్పుడు ఉండదు. ఆగస్టు ఒకటి, ఉదయం సరిగ్గా పది గంటలకు, మా కారఖానా మేడ మీదకు రండి సార్.