సుశీల వేసిన నా వేషం

అన్నా,

బోరు నీళ్ల తగాదాలో ఓబులేసు నాటు తుపాకీతో నిన్ను కాల్చి చంపి నేటికి మూడేళ్లు. ఈ సాయంత్రం రాప్తాడు బడి ఆవరణలో మన ఊరి ఆడవాళ్లం ఆ కథనే నాటకంగా వేశాం. నేను ఓబులేసు భార్య సుశీల వేషం కట్టాను, సుశీల నా వేషం కట్టింది. ఒకరి బాధ ఒకరికి తెలియాలని నాటకం నేర్పే మేడమ్ అలా మార్చింది.

నా వేషంలో సుశీల నీ శవం మీద పడి ఏడ్చింది. తర్వాత పోలీసులకు ఆమె అప్పట్లో చెప్పిన మాటే నేను చెప్పాలి.

"ఇంట్లో తుపాకి ఉండాదని నాకు తెల్దు సార్" అన్నాను.

"అబద్ధమక్కా" అంది సుశీల. అది నాటకంలో లేని మాట. "నాకు తెలుసు. ఆయప్ప దాన్ని తీసుకొని పోతాంటే వాకిట్లోనే ఉండా. నోరెత్తితే నన్నూ కాలుస్తానన్నాడు."

ఆమెను కొట్టాలనిపించింది.

"మూడేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"భయమక్కా. ఈపొద్దు నీ మాదిరి ఏడ్చినంక దాచలేకపోతి."

మేడమ్ నాటకం ఆపబోయింది. నేనే వద్దన్నాను. చివరిదాకా ఆడాం.

రేపు కళ్యాణదుర్గంలో మళ్లీ వేస్తాం. తెలియదనే మాట నేనిక చెప్పను. సుశీల ఈరోజు చెప్పిందే చెబుతాను. ఆమె భయాన్ని నా నోట పలుకుతున్నానని నా మీద కోప్పడకన్నా.

నీ చెల్లెలు