రోట్లో కొబ్బరి వెన్న

మావా,

నిన్ను సముద్రం తీసుకుపోయిన తుఫాను తర్వాత, ఇవాళే మళ్లీ కొబ్బరి వెన్న చేశాను. ఇన్నాళ్లూ ఒడ్డునే ఉండిపోయిన నీ తమ్ముడు రేపు వేటకి వెళ్తానన్నాడు. పడవ తాళ్లు బిగించి బిగించి వాడి అరచేతులు నీ చేతుల్లాగే పగిలాయి. "వదినా, అన్న చేతులకి రాసేదానివే, అది కాస్త చెయ్యవా?" అని అడిగాడు.

ఎండుకొబ్బరి తరిగి, నీటిచుక్క తగలకుండా రోట్లో రుబ్బాను. ముందు పొడిపొడిగా ఉంది. చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పితే నూనె వదిలి, వెన్నలా జారింది. వాడు చేతులకి రాసుకున్నాడు. మిగిలింది ఉప్పేసి వేడన్నంలో కలిపాను. ఇల్లంతా ఆ వాసనే.

లోపల మంచం మీద అత్త లేచి కూర్చుంది. ఆవిడకిప్పుడు చూపు ఆనడం లేదు.

"వచ్చావా, పెద్దోడా?" అంది.

నీ తమ్ముడు వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"వచ్చానమ్మా."

అచ్చం నీ గొంతే, మావా.

ఆవిడ వాడి అరచేతులు తడిమి, "ఇంక వెళ్లకురా" అంది. వాడు సరేనన్నాడు. అత్త చాన్నాళ్లకి కడుపునిండా తింది.

సాయంత్రం వాడు పడవవాళ్లకి రానని చెప్పొచ్చాడు. అత్త వాణ్ణి ఇంకా పెద్దోడా అనే పిలుస్తోంది. వాడు పలుకుతున్నాడు. పలికినప్పుడల్లా నేను గుమ్మం వైపు చూస్తున్నాను.