ఫోటో అబద్ధమాడతాదేట్రా?

ఒరే తమ్ముడూ, సింహాద్రీ,

ఈరోజు నీ సంవత్సరీకం. అయినా పొద్దున్నే గోల్‌బజార్‌లో స్టూడియో తెరిచినాను. కంప్యూటర్ పెట్టగానే, మన ఫోటో సాఫ్ట్‌వేర్ చేసినోళ్ల నోటీసు కనిపించింది. ఫైలు చిన్నదే అయినా, లోపల తన పొడుగు వెడల్పులు కొండంత రాసుకున్న ఫోటో వస్తే, సాఫ్ట్‌వేర్ అది నమ్మేసి కంప్యూటర్ మొత్తాన్ని ఆపేస్తాదట. అది సరిచేసినాం, కొత్తది వేసుకోండి అన్నారు.

ఈ మాట నువ్వు రెండేళ్ల కిందటే చెప్పినావు. ఎవరో బెంగాలీ దాదా, మన గిరాకీయే, తెచ్చిన ఫోటో తెరిచినప్పుడల్లా కంప్యూటర్ హ్యాంగ్ అయిపోతే, "నా తప్పు కాదన్నయ్యా, ఈ ఫోటోయే అబద్ధం సెప్తంది" అన్నావు.

"ఫోటో అబద్ధమాడతాదేట్రా, ఎదవా?" అని గిరాకీల ముందే చెంప మీద కొట్టినాను. మళ్లీ నిన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. చీపురు ఇచ్చినాను. జ్వరంతో మంచాన పడేదాకా షాపు తుడిచినావు.

కొత్తది వేసి, నువ్వు దాచిపెట్టిన ఆ ఫోటోతోనే చూసినాను. ఇది చెల్లదని ఒక్క ముక్క చెప్పి, సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కన పెట్టేసింది. కంప్యూటర్ ఆగలేదు.

మధ్యాహ్నం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మన ఇంట్లో భోజనాల దగ్గర మావయ్య, "మంచోడే గానీ, ఆడు ముట్టుకుంటే కంప్యూటర్ పాడైపోయేది" అన్నాడు. అందరూ నవ్వినారు.

వడ్డిస్తున్న అమ్మ ఆగి నన్నడిగింది. "నిజంగా ఆడే పాడుసేసినాడేట్రా?"

"ఆడేనమ్మా" అని, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాను.