శిరీష చెప్పని జవాబులు

కాడుగోడి,
ఆదివారం.

మీకు నమస్కారాలు. ఇక్కడ నేను, అత్తమ్మ, పాప ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ కొండల్లో, సొరంగం పనిలో మీరెలా ఉన్నారోనని మాకు ఒకటే దిగులు. మీ ఉత్తరం మొన్న అందింది. మోకాలి నొప్పి తగ్గిందో లేదో అందులో రాయనేలేదు.

"శిరీషకు తెలివి తక్కువని తేలిందా, లేదా? ఒక్క ముక్కలో రాయి" అని పాప గురించి అడిగారు. ఒక్క ముక్కలో ఎలా రాసేది? ఆ తెలివి పరీక్షలో వచ్చింది ఒక్క అంకె కాదు. రంగు దిమ్మెలు పేర్చి బొమ్మ చేయడంలో నూట ఇరవై ఆరు. మాటల్లో డెబ్భై రెండు. నూరు వస్తే మామూలట. మూడు రోజులుగా ఆ కాగితం పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. రెండుసార్లు పాలు పొంగిపోయాయి.

స్కూలు వాళ్లు ఆ డెబ్భై రెండే చూశారు. మంగళవారం నుంచి పాపను వెనకబడిన పిల్లల సెక్షన్‌లో వేస్తారట. అత్తమ్మ మాత్రం, "బిడ్డ బాగానే ఉండాది, ఆ కాగితమే సరిగా లేదు" అని కొట్టిపారేసింది.

పరీక్ష పెట్టిన వరూధిని మేడం నిన్న నన్ను పిలిపించింది. ఆమెదీ మన హిందూపురం వైపే. "ఇంత తేడా ఉన్నప్పుడు సగటు తీసి, పాప తెలివి ఇంతే అనకూడదమ్మా. తేడా ఎందుకొచ్చిందో చూడాల. ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడిగింది. "ఇంగ్లీషే మేడం" అన్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను.

అవునండీ, పరీక్ష ఫారంలో అలా రాసింది నేనే. స్కూల్లో సీటు కోసం మొదట రాసిన అబద్ధమే ఇక్కడా రాశాను. మార్చి రాస్తే అది బయటపడుతుందని భయపడ్డాను. ఇంకొకటి ఉంది, ఫోనులో మీకు చెప్పడానికి నోరు రాలేదు. పరీక్ష గదిలోకి పంపేముందు పాప చెయ్యి గట్టిగా పట్టుకుని, "లోపల తెలుగు మాట్లాడితే ఊరుకోను. ఇంగ్లీషులో రాకుంటే నోరు మూసుకుని కూర్చో" అన్నాను. అది అలాగే కూర్చుంది.

ఈ రోజు పొద్దున జడ వేస్తూ, "ఆవు, మేక ఎందులో ఒకటే?" అని తెలుగులో అడిగాను.

"రెండూ పాలిస్తాయి, రెండూ నెమరేస్తాయి" అంది వెంటనే.

"అక్కడ ఇట్లాంటివి అడిగితే ఎందుకు చెప్పలేదే?"

"నువ్వే కదమ్మా వద్దంటివి." మళ్లీ తనే, "ఆ ఇంకో సెక్షన్‌లో తెలుగు మాట్లాడచ్చా? అట్లయితే నేను ఆడికే పోతా" అంది.

జడ సగంలో వదిలేసి ఏడ్చాను.

రేపు పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెబుతాను. మాటల పరీక్ష మళ్లీ తెలుగులో పెట్టమని అడుగుతాను. సీటు పోతే పోనివ్వండి. మీకు కోపం వస్తే నన్నే తిట్టండి, పాపను ఏమీ అనకండి. అది చేసిన తప్పల్లా నా మాట వినడమే.

ఇట్లు,
మీ శిరీష వాళ్లమ్మ,
నేత్రావతి